నేను అనని మాట

ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో నాకు గుర్తుంటుంది. ఏ చీర కట్టుకుని అన్నారో కూడా చెప్పగలను. మా ఆయన దీన్ని రోగం అంటాడు, నేను క్రమశిక్షణ అంటాను. ఇంట్లో ఏ వాదన వచ్చినా గెలిచేది నేనే. ఎదుటివాళ్ళకు తేదీలు గుర్తుండవు, నాకుంటాయి, తేడా అంతే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కిందటి మాఘమాసంలో జరిగింది అర్థం కావాలంటే నేనెలాంటి మనిషినో తెలియాలి. ఇందులో ఎవరి పేరూ రాయను. ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది.

మేముండేది నిజామాబాద్‌లో, వినాయక్‌నగర్ వైపు. నా పుట్టిల్లు బోధన్ దాటి రెంజల్ పోయే దారిలో ఒక ఊరు. మా నాన్న, బాపు అనేవాళ్ళం, నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, పోయి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ ఇంట్లో నాకు మిగిలింది ఒక్క తమ్ముడు, వాడి భార్య. కొంత వరి, కొంత చెరుకు, అదే వాళ్ళ బతుకు. ఐదేళ్ళుగా మా మధ్య సరిగ్గా మాటల్లేవు. ఎవరి దినాలకైనా పోయినప్పుడు ఎదురుపడితే “మంచిగున్నవా అక్కా” అంటాడు. నేను “ఆఁ” అంటాను. ఆ తర్వాత వాడు మా ఆయన పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడతాడు.

అలాంటిది, మాఘంలో ఒకరోజు పొద్దున పదింటికి మా మరదలు కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కతే వచ్చింది. కొత్త ఇల్లు కట్టుకున్నారట. గృహప్రవేశం నాడే నాకు ఒడిబియ్యం పోస్తారట.

ఒడిబియ్యం అంటే మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, మొగుడూ పెళ్ళాలను పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు అంటే ఎండు కొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోస్తారు. మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి. ఆ బియ్యం తెచ్చుకుని మన ఇంట్లో వండి నలుగురికి పెట్టుకుంటాం. చీర ఎవరైనా కొనుక్కోగలరు, బియ్యమూ కొనుక్కోగలరు. కొంగులో పోసేవాళ్ళుంటే నీకింకా పుట్టిల్లు ఉన్నట్టు. నేను పెన్షన్ తీసుకునే వయసుకు వచ్చినా ఒడిబియ్యం కోసం ఎదురుచూస్తాను, దాచుకోవడం దేనికి?

దానికి పిలుపు ముఖ్యం. మనిషి ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. అవ్వ ఉన్నన్నాళ్ళూ తమ్ముణ్ణి మొదటి బస్సుకే తోలేది. అవ్వ పోయిన తర్వాత, వాడు పెద్దమనిషిగా నిలబడి పోయాల్సిన మొదటి ఒడిబియ్యానికి వాడు నన్ను ఫోన్‌లో పిలిచాడు. నేను పోలేదు. అది పిలుపే కాదన్నాను. అప్పటినుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ‘మా తమ్ముడు నన్ను పిలవలేదు’ అనే చెప్పుకున్నాను. ఫోన్ చేశాడని చెబితే సగం మంది ‘అయితే పోవాల్సింది కదా’ అంటారని తెలుసు. అందుకని ఆ ముక్క వదిలేసేదాన్ని.

ఇప్పుడు మరదలు పద్ధతిగానే వచ్చింది. నుదుట బొట్టు పెట్టింది. నేనూ కడుపులో ఏమీ పెట్టుకోకుండా చాయ్ పోశాను. అంతా బాగానే జరిగిపోయేది. గడప దగ్గర చెప్పులేసుకుంటూ ఆమె ఒక్క మాట అంది.

“ఈసారన్న వస్తనని సెప్పి రాకుంట ఉండకు వదినె.”

“వస్తనని చెప్పుడేంది? నేనెప్పుడు చెప్పిన?”

“అప్పుడు ఫోన్‌ల అన్నవు గద. మీ తమ్ముడు నాతోని సెప్పిండు. మీ ఇద్దరికి పీటలేసినం. మా అమ్మోళ్ళు గూడ ఉండిరి. పసుపు కలిపిన బియ్యం సాయంత్రం దాక గట్లనే పెట్టుకోని కూసున్నం.”

“వస్తనన్న మాట నా నోట్ల రాలె. నేను అననే లేదు.”

“మరి ఆయన అబద్ధమాడిండా? నా పెండ్లయి ఇరవై రెండేండ్లు. నాతోని ఒక్క అబద్ధమాడలేదు.”

నాకు మండింది. ఐదేళ్ళుగా వాళ్ళు నన్ను పిలవలేదని నేను చెప్పుకుంటుంటే, వస్తానని మాట ఇచ్చి తప్పానని ఆమె చెప్పుకుంటోందన్నమాట. మాట తప్పడం! నన్ను ఏమన్నా పడతాను గానీ ఆ ఒక్కటి పడను.

“రుజువు చూపిస్త,” అన్నాను. “నీ ఇంట్లనే, గృహప్రవేశం నాడే, నలుగుట్ల చూపిస్త.”

“సూపియ్యి. నేను గూడ సూస్త,” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రుజువని ఉట్టిగా అనలేదు. నా దగ్గర ఉంది. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులు చెప్పేటప్పుడు తల్లిదండ్రులతో రోజూ తగువే. హోంవర్క్ ఇచ్చానంటే ఇవ్వలేదనేవాళ్ళు. అప్పుడు మా అమ్మాయి నా ఫోన్‌లో ఒక యాప్ వేసింది. వచ్చిన ప్రతి కాల్‌నూ రికార్డు చేస్తుంది, మాటల్ని అక్షరాలుగా మార్చి పెడుతుంది, రెండింటినీ క్లౌడ్‌లో దాస్తుంది. ఎక్కడుంటుందే ఆ క్లౌడ్ అంటే, “ఎక్కడనో ఉంటది, నీకెందుకమ్మా” అంది. నాకు మాత్రం అది తెగ నచ్చింది. జీవితమంతా నేను నోటితో చేసిన పని, ఇప్పుడు ఒక యంత్రం రాతపూర్వకంగా చేస్తోంది. తర్వాత రిటైరయ్యాను, యాప్ సంగతి మరిచిపోయాను. అది మాత్రం నన్ను మరవలేదు. ఆ మధ్య స్టోరేజీ నిండిందని రోజూ మెసేజీ వస్తోంది. పాతవన్నీ తీసెయ్యమని మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా పోరుతోంది. మంచిదే అయింది, తీసెయ్యలేదు.

మధ్యాహ్నం భోజనం కాగానే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తెరిచాను. అబ్బ, ఎన్ని! గ్యాస్ బండవాడు, పాలవాడు, హెడ్మాస్టరు, పరీక్ష తప్పిన పిల్లవాడి తండ్రి. ముందు అక్షరాలు చదివాను. నా మాటలు చూసుకుంటే ముచ్చటేసింది. ఎక్కడా తడబాటు లేదు. “మీ వాడు సున్నాలు మంచిగ చుడుతుండు, నోట్సు నిండ అవే ఉన్నయి” అని ఒక తండ్రితో అన్నానట. మా ఆయనకు చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ కాల్ దొరకడానికి గంట కూడా పట్టలేదు. వెతికే చోట ‘ఒడిబియ్యం’ అని కొట్టాను. వచ్చింది. వాడి నంబరు, ఆ రోజు తేదీ, పొద్దున పదీ యాభై. అక్షరాల్లో ఇలా ఉంది.

“అక్కా, శుక్రవారం ఒడిబియ్యం పోస్తున్నం. నువ్వు, బావ రావాలె.”

“ఫోన్‌ల పిలుస్తున్నవా?”

“గది కాదక్కా, ఇక్కడ జర...”

“అవ్వ ఉంటె గిట్ల పిలిచెటోనివా? అవ్వ పోంగనే మర్యాద గూడ పోయిందా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తెనే వస్త. లేకుంటె నాకు పుట్టిల్లు లేదనుకుంట. నాకు క్లాసున్నది.”

అంతే. దాని కింద ‘అస్పష్టం’ అని యంత్రం నాలుగైదు సార్లు రాసుకుంది. యంత్రానికి అర్థం కానిదంతా అస్పష్టమే.

నేను గెలిచాను. ఉత్తినే వస్తాననే మాట నేను ఎక్కడా అనలేదు. పిలిస్తే వస్తానన్నాను, పిలవలేదు, పోలేదు. ఒకటికి రెండుసార్లు చదివి మా ఆయన్ను లేపి మరీ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, “సరే, నువ్వే కరెక్టు. ఇంక పండనీ,” అన్నాడు.

ఆయనను పండనిస్తే బాగుండేది. కానీ అక్షరాలు చూపిస్తే అక్కడ ఎవరు చదువుతారు? నలుగురిలో వినిపించాలి. గొంతు సరిగ్గా వస్తుందో లేదో చూద్దామని ఆడియో నొక్కాను.

ముందు నా గొంతే వినబడింది, కాదు, ముందు వాడిదే వచ్చింది, కానీ నాకు వినబడింది నాదే. ఆ గొంతు నాకు బాగా తెలుసు. వెనక బెంచీ పిల్లవాణ్ణి నిలబెట్టి, క్లాసంతా వినేట్టు, వాడు కూర్చునే దాకా వదలకుండా మాట్లాడే గొంతు. అక్షరాల్లో అది కనబడలేదు. అక్షరాల్లో నేను న్యాయం మాట్లాడుతున్నాను. చెవికి మాత్రం ఒక మనిషిని కొడుతున్నట్టే ఉంది. ‘గది కాదక్కా, ఇక్కడ జర’ అన్నచోట వాడి మాట నేను నరికేశాను. వాడు మళ్ళీ మొదలుపెట్టడానికి ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినబడింది. నేను దాని మీద నుంచే మాట్లాడుకుంటూ పోయాను.

తర్వాత టక్కుమని చప్పుడు. ఫోన్ బల్ల మీద పెట్టేశాను. క్లాసు మొదలవుతోందని లాప్‌టాప్ ముందుకు పోయాను. ఫోన్ కట్ చేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కట్ చేయలేదు. మా ఆయన లేచి కూర్చుని తెర మీద ఆడియో జరిగే గీత వైపు వేలు పెట్టి చూపించాడు. ఇంకా ఐదు నిమిషాలుంది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “అక్కా, ఉన్నవా?”

దూరంగా నా గొంతే, పిల్లలకు హాజరు పిలుస్తూ. వాడికి అది వినబడే ఉంటుంది. లైన్‌లోనే ఉన్నాను, మళ్ళీ వస్తాననుకున్నాడు. ఆగాడు. వాడి వెనక ట్రాక్టరు చప్పుడు, ఎండు ఆకు తొక్కిన చప్పుడు, కత్తుల చప్పుడు. చెరుకు కొడుతున్నారు.

ఆ ఇంట్లో పుట్టినదాన్ని, చెరుకు కొట్టే రోజుల సంగతి నాకు ఒకరు చెప్పాలా? కోతకు మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల గుంపు తెల్లారేసరికి తోటలో దిగుతుంది. నరికిన చెరుకు ఆ పూటే లారీకెక్కాలి. ఎండితే బరువు తగ్గుతుంది, లారీ ఆగదు, పోయిన వంతు మళ్ళీ రాదు. ఆ మూడు నాలుగు రోజులు రైతు తోట గట్టు దాటడు. బాపు ఆ రోజుల్లో గట్టు మీదే తిని గట్టు మీదే నడుం వాల్చేవాడు. నాకు జ్వరమొస్తే చూడడానికి కూడా ఇంటికి రాలేదని అవ్వ చెప్పేది, తప్పుగా కాదు, మామూలుగా చెప్పేది. ఒడిబియ్యానికి ముహూర్తం పెట్టుకున్నాక వంతు వచ్చి పడింది. వాడు ఎలా వస్తాడు నిజామాబాద్‌కు? ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అడగలేదు.

“అక్కా, తోట కొడుతుండ్రు,” అన్నాడు వాడు, వినేవాళ్ళు లేని ఫోన్‌లోనే. “రెండు దినాలయె గట్టు మీదనే ఉన్న. అందుకే ఫోన్ చేసిన. నువ్వు రాకపోతే అవ్వ లేనట్టే ఉంటదక్కా.”

అవతల ఎవరో మరాఠీలో అరిచారు, “భావూ, గాడీ ఆలీ!” అని. లారీ వచ్చిందని. వాడు కదల్లేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడని వాడి ఊపిరి చప్పుడుతో తెలుస్తోంది. ఇక్కడ నేను పిల్లల చేత ఎక్కం చెప్పిస్తున్నాను.

అప్పుడు మా మరదలు గొంతు. అన్నం టిఫిను తెచ్చినట్టుంది.

“ఏమన్నది వదినె? ఫోన్‌ల పిలిస్తె కోపానికొచ్చిందా?”

కొంచెంసేపు ఏమీ లేదు. ఆ కాస్తసేపు కూడా యంత్రం రాయలేదు, దాన్ని రాయడం దానికి చేతకాదు. తర్వాత తమ్ముడు అన్నాడు, హుషారుగా, నాకు బాగా తెలిసిన పిల్లప్పటి గొంతుతో:

“అక్కకు కోపమెందుకు? వస్తనన్నది. బావ గూడ వస్తడట. ఇద్దరికి పీటలెయ్యి.”

ఫోన్ అప్పుడు కట్ అయింది.

నేను ఏడ్చాను. కళ్ళు తడవడం కాదు, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన పోయి నీళ్ళు తెచ్చాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో వాడు పెళ్ళానికి ఆడిన ఒకే ఒక్క అబద్ధం, తన అత్తవారి ముందు నా పరువు పోకుండా ఆడింది. తర్వాత ఖాళీ పీటలు చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ పైన ఐదేళ్ళు నేను ఊరంతా వాడి మీద చెప్పుకుంటూ తిరుగుతుంటే, నిజం చెప్పుకుని బయటపడడానికి వీల్లేకుండా నోరు మూసుకున్నాడు. నేను బడాయిగా మోసుకు తిరిగిన జ్ఞాపకశక్తికి వాడి వైపు సగం తెలియనే తెలియదు.

ఇప్పుడు ఈ రికార్డింగు నేను నలుగురిలో వినిపిస్తే నేను నిర్దోషినని తేలుతుంది. అనని మాట అనలేదని రుజువవుతుంది. వాడు కొత్తింట్లో, చుట్టాలందరి ముందు, పెళ్ళాం దగ్గర అబద్ధాలకోరు అవుతాడు. వినిపించకపోతే మాట తప్పినదాన్ని నేనే.

నా కోపం సంగతి నాకు తెలుసు. మరదలు నలుగురిలో ఒక్క పుల్ల విరుపు మాట అంటే చాలు, చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకు పోతుంది. అందుకని గృహప్రవేశం నాటి పొద్దున, స్నానానికి ముందే, దాన్ని ఇంకొక్కసారి విని తీసేశాను. తీసేసినా చెత్తబుట్టలో నెల రోజులు ఉంటుందని చూపించింది. ఆ బుట్ట కూడా ఖాళీ చేశాను. ‘శాశ్వతంగా తొలగించాలా’ అని అడిగింది. అవునన్నాను. పని చేస్తే పూర్తిగా చేయాలి.

బోధన్ బస్సులో మా ఆయన మెల్లగా అడిగాడు, “తెచ్చినవా అది?”

“లేదు. తీసేసిన.”

ఆయన లేచి నన్ను కిటికీ పక్క కూర్చోమన్నాడు.

కొత్త ఇల్లు బాగుంది. మెట్లు కొంచెం నిటారుగా కట్టించారు, ఆ మాట చెప్పాను కూడా. జనం కిటకిటలాడుతున్నారు. పాలు పొంగాయి, పూజ అయింది, నడింట్లో పీటలేశారు. మేమిద్దరం కూర్చున్నాం. నేను కొంగు పట్టాను. తమ్ముడు, మరదలు ఎదురుగా బియ్యం పళ్ళెంతో కూర్చున్నారు. వాడు దగ్గర నుంచి చాలా ముసలివాడైనట్టు కనబడ్డాడు.

మా మరదలు మరిచిపోయే రకం కాదు. ఆ విషయంలో నాకు సరిజోడు.

“ఏది వదినె, నలుగుట్ల రుజువు సూపిస్తనంటివి?” అంది. కోపంగా అనలేదు గానీ అందరికీ వినబడేట్టు అంది. వాళ్ళమ్మ కూడా వచ్చి ద్వారబంధం దగ్గర నిలబడింది.

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. హోంవర్క్ చేయని పిల్లవాడు, టీచరు తన బెంచీ దగ్గరికి వస్తుంటే చూసే చూపు. వాడికి తెలుసు నేను ఆ మాట అనలేదని. నా దగ్గర ఏదో ఉందని పెళ్ళాం వచ్చి చెప్పే ఉంటుంది.

“రుజువు లేదు, ఏం లేదు,” అన్నాను. ముప్పై ఏళ్ళు క్లాసు చెప్పిన గొంతు, చివరి వరసదాకా పోతుంది. “వస్తనని నేనే అన్న. క్లాసు తొందరల అన్న, మల్ల మర్చిపోయిన. మర్చిపోయిన అని చెప్పుకునేటందుకు సిగ్గయి, పిలువనే లేదని చెప్పుకుంట తిరిగిన. తప్పు నాది పిల్లా. మీ ఆయన నీతోని చెప్పింది నిజమే.”

మరదలు నన్నే చూసింది. “గీ మాట అనేటందుకు ఐదేండ్లు పట్టెనా వదినె,” అంది. కుడుకలు లోపలే మరిచిపోయానని చెప్పి లేచి వెళ్ళింది. కుడుకలు పళ్ళెంలోనే ఉన్నాయి.

ఆమె పోగానే తమ్ముడు బియ్యం దోసిట్లోకి తీసుకుని నా మీదికి వంగాడు. పెదవులు కదిలీ కదలనట్టు అడిగాడు.

“అక్కా, నువ్వు అనలేదు గద.”

“అనలేదు.”

“మరి?”

“నువ్వన్నవు గద తమ్మీ. నువ్వంటె ఒకటి, నేనంటె ఒకటా? పొయ్యి.”

వాడు పోశాడు. సగం బియ్యం నా కొంగులో, సగం పీట మీద పడ్డాయి.